మూడు మీటర్ల మొగుడు

2019 జనవరి 1 నుంచి మలేషియాలో ఏ హోటల్లోనూ పొగ తాగకూడదు. ఏసీ గదుల హోటలే కాదు, చెట్టు కింద నాలుగు బల్లలు వేసుకున్న మామక్ తిండికొట్టయినా సరే, తినే చోటికి మూడు మీటర్ల లోపల ఎవడూ ముట్టించకూడదు. పట్టుబడితే అప్పట్లో పదివేల రింగిట్ల దాకా జరిమానా, లేదా రెండేళ్ళ దాకా జైలు. ఈ చట్టాన్ని దేశం మొత్తం మీద అందరికన్నా శ్రద్ధగా చదివిన వ్యక్తి మా ఆవిడ.

"మనింట్లోనూ తింటాం కదండీ. అయితే మనదీ హోటలే" అంది.

వంటింటికి మూడు మీటర్లంటే మా ఫ్లాటులో హాలు పోయింది. భోజనాల బల్లకి మూడు మీటర్లంటే బాల్కనీ పోయింది. మంచం మీద కూర్చుని కాఫీ తాగే అలవాటు నాదే కనక పడగ్గది కూడా నా చేతులారా పోయింది. ఇక మిగిలింది లిఫ్టు పక్కన మెట్లు. అక్కడ 'దిలారంగ్ మెరోకో', అంటే పొగ తాగరాదు, అని మలయ్‌లో బోర్డుంది. దాని కింద నిలబడి తాగితే వాట్సాప్ గ్రూపులో నా కాళ్ళ ఫోటో వచ్చింది. మొహం పడలేదు గానీ, ఆ లుంగీ ఎవరిదో పదిహేను అంతస్తుల్లో అందరికీ తెలుసు.

నిషేధం మీద ఏడుగురు పొగరాయుళ్ళు హైకోర్టుకి వెళ్ళారు. అదే ఏడాది అక్టోబరులో కోర్టు వాళ్ళ పిటిషన్ కొట్టేసింది. మా ఆవిడ ఆ వార్త నాకు ఫోన్లో పంపింది. పక్కగదిలోంచే పంపింది. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకర్థమవుతుందని ఆవిడకి అంత నమ్మకం.

పొగతాగేవాడు పుట్టుకతో ఏమైనా, కాలక్రమాన లాయరవుతాడు. ఊపిరితిత్తుల్లో బలం తగ్గేకొద్దీ వాదనలో బలం పెరుగుతుంది. మా ఇంట్లో నా తరఫున నేనే వాదించి, ఖర్చులతో సహా ఓడిపోయిన కేసుల వివరాలు కిందన మనవి చేసుకుంటున్నాను.

మొదటి వాదన వారసత్వం. మాది గుంటూరు. పొగాకు బ్యారన్ల వాసన పీలుస్తూ పెరిగినవాణ్ణి. పొగాకు బోర్డు 1976 నుంచీ మా ఊళ్ళోనే ఉంది. రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. ఒక జాతి జాతంతా ఇంత శ్రమపడి పండించిన పంటని, ఆ గడ్డ మీద పుట్టినవాడు ముట్టుకోకపోతే రైతు మనసు ఎంత నొచ్చుకుంటుంది? పైగా సాహిత్యం కూడా మన పక్షమే. గురజాడవారి గిరీశం చుట్ట తాగలేదా?

"తాగాడు. చివరి అంకంలో పెళ్ళి కూడా తప్పిపోయింది" అంది మా ఆవిడ.

ఆ అదృష్టం నాకు లేకపోయిందని పైకి అనలేదు.

మా ఆవిడ మలేషియా తెలుగుల్లో మూడో తరం. పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతో చుట్టుపక్కల కొబ్బరి ఎస్టేట్లలో పనికి, శ్రీకాకుళం వైపు నుంచి కూలీల్ని కుదిర్చే కంగాణీల వెంట ఓడెక్కి వచ్చినవాళ్ళ మనవరాలు. అందుకని వారసత్వం కేసులో నేను ఎదురుదాడికి దిగాను. "మా గుంటూరు మగాళ్ళు తాగితే తప్పొచ్చిందా? మీ నాయనమ్మ అడ్డపొగ తాగేదన్నావుగా!"

అడ్డపొగంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో పాతతరం ఆడవాళ్ళకి ఇది మామూలు. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, గాలికి నిప్పు ఆరదు, చంకలో పిల్లాడి మీద బూడిద పడదు. ఇంతటి సర్కస్ విద్య వచ్చిన వంశంలో పిల్లని చేసుకుని, ఫిల్టరున్న సిగరెట్టుకి ఇన్ని మాటలు పడాలా?

"నాయనమ్మకి అంగిట్లో పుండు లేచి, చివరి రోజుల్లో గంజి తప్ప దిగేది కాదు" అంది ఆవిడ. నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత వెతికితే తెలిసింది: పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ నిపుణుడూ, ఆయనతో పనిచేసిన భారతీయ పరిశోధకులూ కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు తెరిపించి చూశారు. అడ్డపొగ వల్ల అంగిట్లో ఏమేం లేస్తాయో 1971లో ప్రచురించారు. నేను గొప్పగా చెప్పుకుందామనుకున్న వారసత్వం అంతకుముందే క్యాన్సర్ పత్రికకి ఎక్కింది.

ఆ రోజుల్లో ఇంట్లో నాకున్న ఒకే ఒక్క మిత్రపక్షం మా మావగారు. ఎస్టేట్లో పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం వస్తే "అల్లుడుగారూ, కొంచెం గాలి పీల్చొద్దాం రండి" అని కిందికి తీసుకెళ్ళేవారు. మేం పీల్చినదాన్ని గాలి అనడం ఆయన పెద్దమనసు. తర్వాత ఆయన గుండెకి స్టెంటు పడింది. పడగానే పార్టీ ఫిరాయించారు. ఇప్పుడు ఎదురైతే ముందు నా చొక్కా జేబు చూసి, తర్వాత క్షేమసమాచారం అడుగుతున్నారు.

ఒంటరినయ్యాక అజ్ఞాతవాసంలోకి వెళ్ళాను. ఆఫీసు నుంచి వస్తూ దారిలో తాగడం, ఇంటికొచ్చేసరికి వాసన లేకుండా చూసుకోవడం. లవంగాలు నమిలాను. పుదీనా బిళ్ళలు చప్పరించాను. మా ఆవిడ ముక్కు ముందు అవేవీ నిలవలేదు. అప్పుడు నాకు దురియన్ గుర్తొచ్చింది. హోటళ్ళలోకీ రైళ్ళలోకీ రానివ్వని పండది. ప్రపంచంలో సిగరెట్టు వాసనని ఓడించగల శక్తి ఏదైనా ఉంటే అది దురియనే. రోడ్డు పక్క కొట్టు దగ్గర ఆగి, ఒకటి ముట్టించి, పైన రెండు తొనలు తిని, దర్జాగా ఇంటికి వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ మొహం చిట్లించి కిటికీలు తీసేది. నేను లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి.

దురియన్‌కి ఒక కాలం ఉంటుందన్న సంగతి గుంటూరువాణ్ణి, నాకెలా తెలుస్తుంది? పండ్లు తగ్గాయి, ధర పెరిగింది, నేను మాత్రం తింటూనే ఉన్నాను. "సీజను లేనప్పుడు కూడా రోజూ సాయంత్రం దురియన్ తినేవాడు అయితే సుల్తానై ఉండాలి, లేకపోతే సిగరెట్టు తాగుతూ ఉండాలి. మీరు సుల్తాను కాదు" అంది మా ఆవిడ. ఈ తర్కానికి నా దగ్గర జవాబు లేదు. సుల్తానునని చెప్పడానికి ఆధారాలు లేవు.

అయినా వాసన ఒక్కటే కదా నన్ను పట్టిస్తోంది, దాన్ని జయిస్తే చాలనుకున్నాను. అప్పటికి నాకు తెలియదు, నా ఒంట్లోనే ఆవిడ మనుషులున్నారని.

ఆఫీసువాళ్ళు అందరికీ రక్తపరీక్షలు చేయించారు. రిపోర్టు వచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ 6.1 అని ఉంది. వెంటనే గుంటూరులో మా బావకి ఫోన్ చేశాను. "బావా, నీకెంత?" "240 రా, డాక్టరు తిట్టాడు." "నాకు ఆరు. ఉత్త ఆరు!" అన్నాను. పాపం, బావ చాలాసేపు మాట్లాడలేకపోయాడు. చెడ్డ కొలెస్ట్రాల్ 4.1, మంచిది 0.86, ట్రైగ్లిజరైడ్లు 2.4. ఇన్ని చిన్న అంకెలు నేను స్కూల్లో లెక్కల పేపర్లో తప్ప ఎప్పుడూ తెచ్చుకోలేదు. రిపోర్టుని ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

మా అమ్మాయి బయోమెడికల్ సైన్సు చదువుతోంది. ఫ్రిజ్‌లో నీళ్ళకని వచ్చి, ఆగి, చదివింది. "నాన్నా, ఇండియాలో మిల్లీగ్రాముల్లో చెప్తారు, ఇక్కడ మిల్లీమోల్స్‌లో. కొలెస్ట్రాల్ అంకెల్ని 38.67తో గుణించు" అంది. గుణించాను. 236 వచ్చింది. బావకీ నాకూ నాలుగు తేడా. ట్రైగ్లిజరైడ్లని 88.57తో గుణించాలిట. 213 వచ్చింది. ఇవన్నీ పెద్ద అంకెలే, ఒక్క మంచి కొలెస్ట్రాల్ తప్ప. అది గుణించాక కూడా 33 దగ్గరే ఆగింది. మగవాళ్ళకి కనీసం 40 ఉండాలిట. నా ఒంట్లో మంచి అన్నదానికి ఎప్పుడూ అంతే ఎదుగుదల.

"సిగరెట్టే కారణం కావచ్చు" అంది అమ్మాయి.

నాలో లాయరు లేచాడు. "సిగరెట్టులో ఏముందమ్మా? నెయ్యి ఉందా? కొబ్బరిపాలున్నాయా? ఆకు. ఒట్టి ఆకు. శుద్ధ శాకాహారం. ఆకు తిన్న మేకకి రాని కొలెస్ట్రాల్, దాని పొగ పీల్చిన నాకెలా వస్తుంది?"

మా అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. నికోటిన్ ఒంట్లోకి వెళ్ళగానే అడ్రినలిన్ లేస్తుంది. ఏదో ప్రమాదం వచ్చిందనుకుని ఒళ్ళు నిల్వ ఉన్న కొవ్వుని కరిగించి రక్తంలోకి వదులుతుంది. పరిగెత్తడానికన్నమాట. నేనేమో పరిగెత్తను, మెట్ల మీద కూర్చుని ఉంటాను. ఆ కొవ్వు కాలేయానికి చేరితే, అది దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మూట కట్టి మళ్ళీ రక్తంలోకి పంపుతుంది. మరోపక్క, రక్తనాళాల్లో కొలెస్ట్రాల్‌ని ఏరి వెనక్కి మోసుకెళ్ళే మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ ఉంది. దానికి సాయపడే ఒక ఎంజైముని పొగ చచ్చుబరుస్తుంది. 1989లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కూడి లెక్క తేల్చారు. తాగనివాళ్ళతో పోలిస్తే తాగేవాళ్ళకి మొత్తం కొలెస్ట్రాల్ 3 శాతం ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు 9.1 శాతం ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ 5.7 శాతం తక్కువ.

"మూడు శాతమేనా? మొన్నటిదాకా ఈ దేశంలో జీఎస్టీయే ఆరు శాతం కట్టాం. అందులో సగం!" అన్నాను.

"ఎంత పెరిగిందన్నది ఒక్కటే కాదు లా నాన్నా. ఉన్నదాన్ని పొగ ఏం చేస్తోందో చూడు" అంది. ఇక్కడి పిల్లలు 'లా' తగిలించి మాట్లాడితే తిట్టినా గారంగానే ఉంటుంది. అందుకే ఎంత తిట్టిందో నాకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఆ పూట మా ఆవిడ కూరకి వంకాయలు తరుగుతోంది. మాటల్లో పడి నీళ్ళలో వేయడం మరచిపోయిన నాలుగు ముక్కలు నల్లబడ్డాయి. అమ్మాయి వాటిని చూపించింది. గాలిలో ఆక్సిజన్ తగిలి వంకాయకి జరిగిందే, పొగ తగిలి రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్‌కీ జరుగుతుందిట. ఒక్క దమ్ము పొగలో, ఆవిరి భాగంలోనే, ఒకటి పక్కన పదిహేను సున్నాలు పెడితే వచ్చేటన్ని ఫ్రీ రాడికల్స్ ఉంటాయని లూసియానాలో ప్రయర్ అనే రసాయన శాస్త్రవేత్త 1980లలోనే లెక్కగట్టాడు. అవి తగిలి చెడిపోయిన ఎల్‌డీఎల్‌ని రక్తనాళాల గోడల్లో కాపలా ఉండే తెల్లకణాలు శత్రువనుకుని మింగుతాయి. మింగి మింగి ఉబ్బి, నురగ కణాలై అక్కడే కూలబడతాయి. మావగారి గుండెలో స్టెంటు పెట్టి తెరిచింది అలాంటి చెత్త పేరుకుపోయిన నాళాన్నే.

నల్లబడ్డ ముక్కలు ఏరి మా ఆవిడ నా కంచం పక్కన పెట్టింది. తినమని కాదు. చూస్తూ తినమని.

నేను తేరుకుని అసలు ప్రశ్న వేశాను. "ఇదంతా సామాన్యంగా జరిగే సంగతమ్మా. నా ఒంట్లోనే జరుగుతోందని సాక్ష్యం ఏదీ?"

"మూత్రంలో ఉంటుంది" అంది అమ్మాయి.

భోజనాల దగ్గర ఆ మాటెందుకని మా ఆవిడ కసిరింది. కానీ వినాలన్న కుతూహలంతో చెంచా కింద పెట్టింది.

మన కణాల్లో డీఎన్‌ఏ అనే పుస్తకం నాలుగే అక్షరాలతో రాసి ఉంటుంది. వాటిలో 'జి' అనే గ్వానిన్ అన్నిటికన్నా తేలిగ్గా ఆక్సిజన్ దెబ్బ తింటుంది. దెబ్బతిన్న ఆ రూపం పేరు 8-హైడ్రాక్సీ డీఆక్సీ గ్వానోసిన్. జపాన్‌లో కసాయి, నిషిమురా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1984లో దాన్ని గుర్తించారు. చెడిపోయిన 'జి' తన జత 'సి'ని వదిలి 'ఎ' పక్కన చేరుతుంది. అలాగే నకలు తీస్తే తర్వాతి ప్రతిలో 'జి' ఉండాల్సిన చోట 'టి' వచ్చి కూర్చుంటుంది. అచ్చుతప్పు స్థిరపడిపోతుంది. అలాంటివి కూడకూడని చోట కూడితే క్యాన్సర్. అదృష్టవశాత్తు కణాల్లో మరమ్మతు చేసే ఎంజైములున్నాయి. ఈ రకం మరమ్మతు ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకే తోమస్ లిండాల్‌కి 2015లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. మరమ్మతుల్లో తేలిన చెత్త మూత్రంలో పోతుంది. దాన్ని కొలిస్తే ఒంట్లో ఎంత నష్టం జరుగుతోందో అంచనా దొరుకుతుంది. మామూలు ల్యాబుల్లో చేసే పరీక్ష కాదిది, పరిశోధకులు చేసేది. డెన్మార్క్‌లో లాఫ్ట్ బృందం 1992లో చేసి చూస్తే, తాగనివాళ్ళ కన్నా తాగేవాళ్ళలో ఈ చెత్త దాదాపు 50 శాతం ఎక్కువగా కనిపించింది.

"అంటే తాగనివాళ్ళలో కూడా ఉందన్నమాటేగా!" అని ఎగిరాను. "చూశావా, నీలోనూ ఉంది!"

"ఊపిరి పీల్చే ప్రతివాళ్ళలో ఉంటుంది" అంది అమ్మాయి.

"నాకున్నది బతికినందుకు. మీకున్న ఆ యాభై శాతం ఎందుకో చెప్పండి" అంది మా ఆవిడ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ ముక్కుని మోసం చేయడానికి నా తెలివంతా ఖర్చు పెట్టాను. లవంగాలు కొన్నాను, దురియన్లు కొన్నాను, ఆ దురియన్ చక్కెర కూడా కాలేయానికి చేరి ట్రైగ్లిజరైడ్ల లెక్కలో పడే ఉంటుంది. నేను దాచిందంతా వాసన. దాచలేనిదంతా రక్తంలోనూ మూత్రంలోనూ రాసి ఉంది, అదీ నా ఖర్చుతో.

దొరికిపోయినవాడు నిజం ఒప్పుకుంటాడనుకోవడం పొరపాటు. పరిహారం వెతుకుతాడు. ఆక్సీకరణే అసలు దోషమైతే దానికి విరుగుడు యాంటీ ఆక్సిడెంట్లు కదా? మందుల దుకాణానికి వెళ్ళి విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ డబ్బాలు తెచ్చాను. ఒక సిగరెట్టు, ఒక మాత్ర. ఖాతా సరి. పొగతాగేవాళ్ళకి విటమిన్ సి రోజుకి 35 మిల్లీగ్రాములు అదనంగా కావాలని అమెరికా పోషకాహార నిపుణులే చెప్పారు. ఆ ఒక్క వాక్యం చదివి పుస్తకం మూసేశాను. లాయర్లు అలాగే చదవాలి.

మిగతా పుస్తకం మా అమ్మాయి చదివింది. ఆ డెన్మార్క్‌వాళ్ళే పొగతాగే మగవాళ్ళకి రెండు నెలల పాటు విటమిన్ సి, ఇ లాంటివి ఇచ్చి మూత్రం కొలిచి 1997లో రాశారు. ఆ డీఎన్‌ఏ చెత్త తగ్గలేదు. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద పెద్ద ప్రయోగం చేశారు. 1994లో ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ మింగినవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. "నాన్నా, ఆ డబ్బా ఇటివ్వు" అంది. డబ్బాకి పెట్టిన డబ్బు పోయినందుకు మా ఆవిడ బాధపడలేదు. ఆవిడ లెక్క వేరే. 2015 నవంబరులో పన్ను పెరిగి, పేరున్న బ్రాండు ఇరవై సిగరెట్ల పెట్టె 13.80 నుంచి 17 రింగిట్లకి చేరిన రోజు నుంచీ ఆవిడ దగ్గర ఒక కాగితం ఉంది. రోజుకో పెట్టె చొప్పున ఏడాదికి 6,205 రింగిట్లు. ఏ ఏడాదికి ఎంత బంగారం పొగైపోయిందో పక్కనే రాసి ఉంది. వడ్డాణం దగ్గరికి వచ్చేసిందిట.

ఇక రాజీ బేరం. "సరే, పూర్తిగా మానను గానీ రోజుకి ఒక్కటే. ఇరవై నుంచి ఒకటికి వస్తే ప్రమాదం ఇరవయ్యో వంతు అవుతుందిగా?" లెక్క ఎంత అందంగా ఉందో చూడండి. అది తప్పని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తేల్చింది. గుండెజబ్బు విషయంలో రోజుకి ఇరవై తాగేవాడికి అదనంగా ఉండే ప్రమాదంలో దాదాపు సగం ఒక్కటి తాగేవాడికీ ఉంటుందిట. ఇరవైలో ఒక్కటి తాగితే సగం శిక్ష. ఇంత అన్యాయమైన చిల్లర ధర చౌకిట్ బజారులో కూడా ఉండదు.

ఆఖరికి ప్రభుత్వాన్ని అడ్డం పెట్టుకున్నాను. 2022లో అప్పటి ఆరోగ్యమంత్రి ఖైరీ జమాలుద్దీన్ ఒక బిల్లు తెచ్చారు. 2007లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళకి జీవితంలో ఎప్పటికీ సిగరెట్టు అమ్మకూడదన్నది అందులో ముఖ్యాంశం. "అంటే 2007కి ముందు పుట్టిన నాకు ప్రభుత్వమే అనుమతిచ్చినట్టు కాదా?" అన్నాను. 2023లో ఆ నిబంధన తీసేసి, మిగతాదాన్ని చట్టం చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి అమలవుతోంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి అమ్మడం నేరం. మా ఆవిడ నన్ను పరిశీలనగా చూసి, "మీకింకా నిండలేదు" అంది.

అలా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పొగ మానిపించే క్లినిక్కుకి వెళ్ళాను. వెళ్ళానంటే మా ఆవిడ ముందు నడిచింది, నేను వెనక. అక్కడ ఒక చిన్న యంత్రం ఉంటుంది. ఊపిరి బిగబట్టి దాంట్లోకి ఊదితే ఒంట్లో కార్బన్ మోనాక్సైడు ఎంతుందో చూపిస్తుంది. ఆ వాయువు నాలుగైదు గంటలకొకసారి సగానికి సగం తగ్గుతుందని ముందే చదివి, ముందురోజు సాయంత్రం నుంచీ కడుపు కట్టుకున్నట్టు సిగరెట్టు కట్టుకున్నాను. చిన్న అంకె వచ్చింది. నాకు చెప్పలేని గర్వం. మానడానికి వెళ్ళిన చోట, ఇప్పటికే మానేశానని నమ్మించాలని నాకెందుకనిపించిందో నన్నడక్కండి. ఇంటికొచ్చాక అమ్మాయి అంది: "నికోటిన్ అరిగాక మిగిలే కోటినిన్ మూత్రంలో కొన్నాళ్ళ పాటు ఉంటుంది నాన్నా. వాళ్ళు అది అడగలేదు, నీ అదృష్టం." మళ్ళీ మూత్రం. నా మీద ఇంత పగబట్టిన ద్రవం ఇంకోటి లేదు.

అసలు నన్ను పట్టుకున్నది యంత్రం కాదు, ఒక ప్రశ్న. "పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్టు తాగుతారు?" అని నర్సు అడిగింది. బానిసత్వం ఎంత ముదిరిందో తేల్చే ప్రశ్నల పట్టికలో ఇది ముఖ్యమైనదిట. "స్నానం, పూజ అయ్యాక" అన్నాను. పక్కన కూర్చున్న మా ఆవిడ మలయ్‌లో నర్సుతో చెప్పింది, మసీదులో తెల్లవారుజాము సుబూ పిలుపు వినపడకముందే ఈయన మెట్ల మీద ఉంటారని. నర్సు కాగితం మీద ఏదో కొట్టేసి వేరే అంకె వేసింది. నా తరఫు సాక్షిని ఆ దేశభాషలోనే అవతలివాళ్ళు తిప్పేసుకున్నారు.

మానాను. ఎలా మానానన్నది వీరగాథేమీ కాదు. నికోటిన్ పట్టీ భుజానికి అంటించుకుంటే, మావగారు మోకాళ్ళ నొప్పులకి వాడే కోయో పట్టీ అనుకుని తనకీ ఒకటి అడిగారు. ఇంట్లో గొంతు పెంచాను. గొంతు పెంచినప్పుడల్లా నోట్లో ఒక మురుకు పడింది. దీపావళికని చేసినవి దీపావళికి మిగల్లేదు. ప్యాంటు పక్కకుట్లు విప్పించాల్సి వచ్చింది.

మా అమ్మాయి ఓదార్పుగా డెన్మార్క్ సంగతి చెప్పింది. బాగా తాగేవాళ్ళ చేత మానిపించి చూస్తే, నాలుగు వారాలకే మూత్రంలో ఆ డీఎన్‌ఏ చెత్త 21 శాతం తగ్గిందని 1998లో ప్రచురించారు. ఎన్నో ఏళ్ళు తాగినవాడి మీద కూడా ఒళ్ళు అంత త్వరగా కేసు వెనక్కి తీసుకుంటుందని నేననుకోలేదు. ఆవిడ కాగితం మీద బంగారం లెక్క మాత్రం వెనక్కి పోదు.

కొంతకాలానికి మళ్ళీ రక్తపరీక్ష. మంచి కొలెస్ట్రాల్ 0.86 నుంచి 0.93కి ఎక్కింది. ఇంతేనా అని మొహం వేలాడేశాను. 2011లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో ఏడాదికి సగటున 2.4 మిల్లీగ్రాములు పెరిగిందిట, అదీ మానినవాళ్ళు లావెక్కినా కూడా. గుణించి చూస్తే నాది దానికన్నా ఇసుమంత ఎక్కువే. చదువులో ఎప్పుడూ తెచ్చుకోని సగటు మార్కు ఈ వయసులో వచ్చింది.

కానీ చెడ్డ కొలెస్ట్రాల్ 4.1 దగ్గర కదలకుండా కూర్చుని ఉంది. అదే అధ్యయనం మళ్ళీ చదివాను. మానినవాళ్ళకి హెచ్‌డీఎల్ పెరిగింది గానీ ఎల్‌డీఎల్ తగ్గలేదని అందులో స్పష్టంగా ఉంది! నా లాయరు వృత్తిలో మొదటిసారి అచ్చయిన సాక్ష్యం నా చేతికొచ్చింది. ఆ పేజీ ప్రింటు తీసి, గీత గీసి, భోజనాల బల్ల మీద పెట్టాను.

"చూశావా? ఎల్‌డీఎల్ విషయంలో సిగరెట్టుని అనవసరంగా ఆడిపోసుకున్నారు. మానినా తగ్గలేదు. ఏమంటావు?"

మా ఆవిడ ప్రింటు చదివింది. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఒప్పుకుంటున్నానండీ. దీనికి సిగరెట్టు కారణం కాదు."

జీవితంలో మొదటిసారి గెలిచాను. కుర్చీలో వెనక్కి వాలాను.

"సిగరెట్టు కాకపోతే మరి కారణమేమిటో ఇప్పుడు చూడాలి" అంటూ ఆవిడ కూతురి వైపు తిరిగింది. "ఆదివారం పొద్దున నెయ్యి వేసిన రోటీ చనాయ్ రెండు, శుక్రవారం నాసీ కందార్, మధ్యలో కొబ్బరిపాల నాసీ లెమాక్. ఒక్కో దాంట్లో కొవ్వెంతుందో తీయమ్మా. ఈయనే సాక్ష్యం తెచ్చిచ్చారు."

అభ్యంతరం చెప్పడానికి లేచాను. అప్పటికే అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచేసింది. తలెత్తకుండానే అంది:

"నాన్నా, ఈసారైనా వేరే లాయరుని పెట్టుకో లా."